మైకు పిలవని వరుస

ఏప్రిల్ 9, 2017, మట్టల ఆదివారం

1989లో మా కంపెనీ కంప్యూటరు గది చూసే జ్ఞానానందం నాకొక మాట ఇచ్చాడు. "కొత్త మెషీను దిగే ముందు నీ టేపు నీ చేతిలో పెడతాన్రా ఎలీషా, బైబిలు మీద ఒట్టు" అన్నాడు. టేపంటే విశాఖలో మా కంపెనీ మూడు వేల మంది కూలీల హాజరు చూసిన ప్రోగ్రాము. ఆరేళ్లు రాశాను దాన్ని. కొత్త మెషీను దిగింది. పాత టేపులన్నీ తుడిచి వాటి మీదే కొత్త సరుకు ఎక్కించారు. వెళ్లి అడిగితే "మర్సిపోయానొరే" అన్నాడు. మూడు నెలలు తిరక్కుండా ఆ మెషీను అమ్మినవాళ్ల దగ్గరే మేనేజరయ్యాడు. మనిషి పోయి పదకొండేళ్లయింది. సమాధి దగ్గరికి వెళ్లాను, పిడికెడు మట్టి వేశాను, క్షమించలేదు.

ఇవాళ ఎందుకు గుర్తొచ్చాడంటే, ఆరాధన అయ్యాక ఫిన్నీ మా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో ఈతమట్ట, ఇంకో చేతిలో రంగుల కాగితం. నా చెల్లెలి కొడుకు. కీబోర్డు మీద వేళ్లు పెట్టడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు మేఘసేతు అనే హైదరాబాదు కంపెనీకి మూడు జిల్లాల ప్రతినిధి.

"మావా, సంఘం ఒప్పుకున్నాది. మే పదిహేను నుంచి లారీల వరస మొత్తం క్లౌడులోకి ఎలిపోతాది."

"ఏ సంఘం?"

"ఏటి మావా తెలీనట్టు అడుగుతావు? మన ఘాటీ దారి లారీ ఓనర్ల సంఘమే."

"మరి నా ప్రోగ్రాము?"

"దానికి సన్మానం సేస్తారట. శాలువా."

వాడు నవ్వాడు. నా భార్య సుందరి కూడా నవ్వింది. ప్రోగ్రాముకి శాలువా ఎక్కడ కప్పుతారు?

ఏప్రిల్ 11

నిన్నంతా పాత రోజులే. కంప్యూటరు రాకముందు సాలూరు యార్డులో వరుస ఒక చెక్క పలక మీద ఉండేది. పలక నిండా మేకులు. మేకుకొక రేకు బిళ్ల, బిళ్ల మీద సుత్తితో కొట్టిన లారీ నంబరు. ట్రిప్పు ముగించుకుని వచ్చిన బండి బిళ్ల చివరి మేకుకి ఎక్కుతుంది. ముందు బండి లోడుకి వెళ్లగానే బిళ్లలన్నీ ఒక్కో మేకు జరుగుతాయి. మొదటి మేకుకి వచ్చినవాడిది లోడు. చెప్పుకోడానికి ఎంత సులువు! బిళ్ల ఎవడు జరిపాడన్న దాని మీద ఆ యార్డులో ఎన్ని తలలు పగిలాయో ఆసుపత్రి వాళ్లకే తెలియాలి.

1994లో ఇప్పటి సంఘం అధ్యక్షుడు హరిబాబు తండ్రి నన్ను పిలిచాడు. చేపల లారీలతో పైకొచ్చిన మనిషి, ఎప్పుడూ కొంచెం ఉప్పు వాసన. "మాస్టారూ, ఈ పలకని ఏదోటి సెయ్యండి, లేపోతే ఈళ్లు నన్ను సంపేత్తారు" అన్నాడు. నాలుగు నెలలు రాశాను. మొదటి రోజు ఆయన టెంకాయ కొట్టాడు, నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను, సుందరి కేసరి చేసి పంపింది. ప్రింటరు గీ గీ మంటూ కాగితం కక్కుతుంటే డ్రైవర్లంతా పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు. చదువు రాని కూర్మయ్య మొదటి వరుస మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇది నా బండేనా?"

"నీదే."

"ఎవుడూ జరపలేడు కదా?"

"ఎవుడూ జరపలేడు."

ఆ మాట కోసమే పుట్టాననిపించింది ఆ రోజు. సగం మందికి చదువు రాదు కాబట్టి జాబితా మైకులో చదివేవాళ్లం. పొద్దున్న ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ. పంతొమ్మిదేళ్లుగా ఆ గొంతు ఆఫీసులో పనిచేసే ఉషది. ఆ పిల్ల నంబర్లు చదువుతుంటే బజారులో గడియారాలు సరిచేసుకునేవాళ్లు.

ఏప్రిల్ 16

ఈస్టరు. ఫిన్నీ పాట పాడాడు. బాగానే పాడాడు.

ఏప్రిల్ 22

విజయనగరంలో సదస్సు. 'రవాణాకు కొత్త ఆకాశం' అట. పెద్ద హోటలు, చలి గది. వెళ్లినవాళ్లకి ఒక సంచి, ఒక టీషర్టు, ఒక పెన్ను, బిర్యానీ. నీలం కోటు వేసుకున్న కుర్రాడు గంటన్నర మాట్లాడాడు. ఏ వాక్యానికీ కర్త లేదు. 'మార్పు జరుగుతోంది', 'వృద్ధి వస్తుంది', 'భయం పోతుంది'. ఎవరు చేస్తారు, ఎవరు తెస్తారు, ఎవరిది పోతుంది? జీవితమంతా చదివిన పుస్తకాలు నాకు నేర్పింది ఒకటే, కర్త లేని వాక్యం వింటే జేబు తడుముకోవాలి.

మా సిస్టం తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది శాతం ఆగదు అన్నాడు. లేచి అడిగాను. "అంటే ఏడాదికి ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు ఆగుతుందన్నమాట. ఆ ఎనిమిది గంటలు ఏ నెలలో వస్తాయి బాబూ? మామిడి సీజనులోనా, తర్వాతా?"

"గుడ్ క్వశ్చన్ సర్" అన్నాడు. తర్వాతి బొమ్మకి వెళ్లిపోయాడు.

1981లో బొంబాయి నుంచి విశాఖ వచ్చినవాడూ నీలం కోటే. అప్పుడు దాని పేరు టైమ్ షేరింగ్. 'మీకు మెషీను అక్కర్లేదు, తీగ చాలు' అన్నాడు. పదేళ్లు పోయాక ఇంకొకడొచ్చి 'తీగ అక్కర్లేదు, ఎవరి మెషీను వాళ్లకే' అన్నాడు. ఇప్పుడు మళ్లీ తీగ. మధ్యలో మావి ముప్పై ఆరేళ్లు.

లక్కీ డ్రాలో టాబ్లెట్టు మా సంఘం అధ్యక్షుడు హరిబాబుకే తగిలింది. ఒప్పందం మీద సంతకం పెట్టాల్సినవాడూ ఆయనే. అదృష్టానికి కళ్లు బాగానే కనపడతాయి.

తిరుగు బస్సులో గజపతినగరం దాటాక ఫిన్నీ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు బొబ్బిలి రైలుబస్సులో కూడా ఇలాగే పడుకునేవాడు. భుజం తిమ్మిరెక్కినా కదపలేదు.

ఏప్రిల్ 24

ఫిన్నీ మా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి కొత్త సరుకు చూపించాడు. రంగులు బాగున్నాయి. లారీ బొమ్మ కదులుతుంది.

"ఇందులో మనిషంటే ఫోను నంబరే మావా. పేర్ల గొడవ లేదు. మన కాడ అప్పలసూరిలే పదిమంది ఉన్నారు కదా. నంబరు ఒకటైతే మనిషీ ఒకడే. ఒకే మనిషి నాలుగు పేర్లతో ఉంటే అదే కలిపేస్తాది. వరస వస్తే ఆ నంబరుకే కబురెళ్తాది."

టీ గ్లాసు కింద పెట్టాను.

నా ఫైల్లో ఫోను గడి ఖాళీగా ఉండకూడదు. 1994లో నేనే పెట్టిన నియమం. ఫోను లేనివాడికి ఏం పెట్టాలి? ఆఫీసు నంబరు పెట్టాను. తర్వాత అందరి జేబుల్లోకీ సెల్లులొచ్చాయి. మార్చాలని ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? మైకు పిలుస్తుంటే ఫోనెవడిక్కావాలి?

"నీ ఫైలు శుభ్రంగానే ఉంటాది కదా మావా?"

"ఇరవై మూడేళ్లు నడిచింది" అన్నాను.

వాడు వెళ్లాక లెక్కపెట్టాను. నూట నలభై బళ్లలో అరవై ఒకటి. అన్నిటికీ ఆఫీసు నంబరే. అందులో మొదటి పేరు కూర్మయ్య. చనిపోయి ఎనిమిదేళ్లు, కొడుకులు బండి ఆయన పేరునే ఉంచమన్నారు. అంటే కొత్త సరుకులో అరవై ఒక్క బళ్లూ కలిసి ఒక్క కూర్మయ్య, కబురు వెళ్లేది మెసేజి చూపలేని ఆఫీసు ల్యాండు ఫోనుకి.

ఏప్రిల్ 25

అడిగితే చెబుతాను.

మే 3

ఫైలు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాను. ఫిన్నీ దాన్ని చొక్కా జేబులో వేసుకుని రెండుసార్లు తట్టుకున్నాడు. ఉద్యోగంలో వాడికిది మొదటి పెద్ద పని, ఇది నెగ్గితే విజయనగరంలో ఆఫీసు తెరిచి వాణ్ణే కూర్చోబెడతారట.

సుందరి అంది, "ఏటండీ, ఆ లాంగు నోటుబుక్కు కూడా ఇచ్చీండి. ఏ గడిలో ఏటున్నాదో అందులోనే కదా రాసీసేరు."

"ఫైలు అడిగాడు. పుస్తకం అడగలేదు."

"అడక్కపోతే ఇవ్వకూడదేటి? పరాయోడా?"

నా పని తీసెయ్యనా అని నన్ను అడిగాడా వాడు? వచ్చి చెప్పాడు. అడగడం వేరు, చెప్పడం వేరు. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి ఎదురుగా పెట్టుకుని 'మావా, ఇందులో తిరకాసు ఎక్కడుంది' అని ఒక్క మాట అడగలేదు. సదస్సులో నేర్పరు కాబోలు.

మే 14

ఆదివారమైనా ఆఫీసు తెరిపించుకున్నాను. రేపటినుంచి ఆ గదిలో హరిబాబు ఏసీ పెట్టించుకుంటాడట. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చివరిసారి చూశాను. విశాఖలో కంప్యూటరుండే చలి గదిలోకి చెప్పులు బయట విప్పి వెళ్లేవాళ్లం. ప్రోగ్రాము చిల్లులు కొట్టే కొత్త కార్డుల వాసన, కొత్త నోటుపుస్తకం వాసనలా ఉండేది. తప్పు చేస్తే మర్నాటికి గానీ తెలిసేది కాదు. అందుకని ముందే కాగితం మీద పదిసార్లు చూసుకునేవాళ్లం. తప్పుకి విలువున్న రోజులు.

ఉష చివరి జాబితా మైకులో చదివింది. గంగులు బండి నంబరు దగ్గర ఆగి, "గంగులు మావా, తుండు మర్సిపోయావు, ఆఫీసులో ఉన్నాది" అంది. యార్డంతా నవ్వులు. తర్వాత మైకు తీగ చుట్టి బీరువాలో పెట్టింది.

"ఏడవకే" అన్నాను.

"ఏడిసింది మీరు" అంది.

మే 15

శాలువా నాకే కప్పారు. మే నెలలో.

ఫిన్నీ బొత్తాం నొక్కాడు. చప్పట్లు. అరవై ఒకటి గురించి ఎవరూ అడగలేదు.

మే 18

బాగానే నడుస్తోందట. మామిడి జోరు మీద ఉంది, బళ్లు వెళ్తూనే ఉన్నాయి. అదృష్టవంతులకి వరుస రెండు రోజులకే వస్తోందట. బాగానే నడుస్తోందట.

వరుస తొందరగా వస్తే ఎవడు ఫిర్యాదు చేస్తాడు?

మే 20

మధ్యాహ్నం గంగులు వచ్చాడు. ఒక్కటే బండి, తనే డ్రైవరు, తనే ఓనరు. గుమ్మంలో నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మాస్టారూ, మైకేటి పలకట్లేదు?"

"మైకు లేదు గంగులూ. ఫోనుకే కబురొస్తుంది."

ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదిగోండి. ఇప్పుడూ ఛార్జింగెట్టే సూస్తన్నాను. ఆరు రోజులైనాది. నా యెనకాలొచ్చిన బళ్లు అప్పుడే కలకత్తా ఎలిపోనాయి. ఫిన్నీ బాబునడిగితే, నీ బండి సిస్టంలో ఉన్నాది, కంగారు పడకన్నాడు. మావిడి ఇంకో రెండు వారాలే కదండి. అదయిపోతే దసరా దాకా మాకు లోడేదీ?"

"ఇంకా ఎంతమందికి రాలేదు?"

"శానామందికండి. బండి కిందే పడుకుంటన్నాం. మైకు పలుకుతాదేమో అని ఎవులూ యార్డొదిలి ఎల్లట్లేదు."

ఆ ఫోను నా చేతిలోనే ఉంది. బరువుగా ఉంది. ఆ నంబరు తీసుకెళ్లి ఫిన్నీకిస్తే అరనిమిషం పని. సుందరి మజ్జిగ తెచ్చింది. చెబుదామనుకున్నాను. అతను మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, ఫోను తీసుకుని వెళ్లిపోయాడు.

ఎల్లుండి సోమవారం. సోమవారం ఫిన్నీయే అడుగుతాడు. ఇంతమంది అడిగాక అడక్క ఏం చేస్తాడు?

మే 22

సోమవారం. ఫిన్నీ రాలేదు. హైదరాబాదు వాళ్లకి ఫోను చేశాడట. 'మీ ఫిర్యాదు టికెట్టు నమోదైంది' అన్నారట.

మే 23

అడిగితే చెబుతాను. అడిగితేనే.

మే 24

పొద్దున్న గంగులు తన బండిని యార్డు గేటుకి అడ్డంగా పెట్టాడు. "నా వరసెక్కడో సూపించి కదలండి" అని స్టీరింగు పట్టుకు కూర్చున్నాడట. లోడెత్తిన బళ్లు లోపల, కాయ మగ్గిపోతుందని వాళ్ల కంగారు. పట్టుకుని కిందికి లాగారు. కుడి చెయ్యి మోచేతి దగ్గర రెండు చోట్ల విరిగింది.

ఇరవై మూడేళ్లలో ఆ యార్డులో వరుస కోసం ఒక్క దెబ్బలాట లేదు. ఒక్కటి.

సుందరి ఆసుపత్రికి అన్నం పట్టుకెళ్లింది. నాకు మోకాళ్లు నొప్పి, వెళ్లలేదు.

మే 25

ఫిన్నీ వచ్చాడు. గడ్డం పెరిగింది. నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి వాడు నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. లాంగు నోటుబుక్కు తెరిచి ఉంది. అక్కడ పెట్టింది సుందరి. నేను పెట్టలేదు.

ఆ పేజీలో ఏముందో నాకు చూడక్కర్లేదు. నా దస్తూరీ, ఎర్ర సిరా. 'ఫోను లేనిచో ఆఫీసు నంబరు వేయవలెను.' దాని కింద కొత్త నీలం సిరాతో అరవై ఒకటి అని అంకె. పక్కన తేదీ, 24-4-17. తేదీ వెయ్యడం నాకు అలవాటు. నలభై ఏళ్ల అలవాటు.

ఫిన్నీ పుస్తకం మూశాడు. కుర్చీలో కూర్చుని, సుందరి ఇచ్చిన టీ సగం తాగాడు.

"మావా, ఇది నీకు గుర్తు లేదు కదా?"

"లేదు" అన్నాను.

"అదే అనుకున్నాను. వయసైపోనాది కదా."

మిగతా టీ కూడా తాగి, సుందరితో "అత్తా, ఎల్లొస్తాను" అన్నాడు. గుమ్మం దిగాక మళ్లీ వెనక్కొచ్చి నా కళ్లజోడు తుడిచి నా చేతికిచ్చాడు. ఎందుకో తెలీదు. మసకగా ఉందేమో.

సాయంత్రం సుందరి ఒక్కటే అంది. "రేపు సంఘం మీటింగులో మీరే లేసి సెప్పీండి. సావరు."

"మీటింగు రేపు కాదు. ఎల్లుండి."

మే 27

యార్డులో షామియానా వేసి మీటింగు. నేను రెండో వరుసలో కూర్చున్నాను. గంగులు కట్టుతో వచ్చాడు, వాళ్లావిడ లక్ష్మణమ్మ గొడుగు పట్టింది. హరిబాబు టాబ్లెట్టు తీసుకురాలేదు.

"పన్నెండు రోజులు అరవై మందిని ఎండగట్టేం. గంగులు సెయ్యిరగ్గొట్టుకున్నాడు. ఇది ఎవుడి తప్పు? ఇప్పుడు తేలాలి" అన్నాడు.

"నీదే! టాబ్లెట్టు ఎవుడు తీసుకున్నాడ్రా?" వెనకనుంచి ఎవరో అన్నారు.

"ఎలీషా గారి ఫైల్లోనే తప్పున్నాదని కంపెనీవోళ్లు రాసేరు. ఇదిగో కాగితం" అన్నాడు హరిబాబు. అందరూ నా వైపు తిరిగారు.

ఫిన్నీ లేచాడు.

"ఆయన తప్పు లేదండి. మా మావ నాకు ముందే సెప్పేడు. ఒరే, ఫోను గడిలో ఆఫీసు నంబరున్నాది, సూసుకోరా అని. రెండుసార్లు సెప్పేడు. నేనే మర్సిపోయాను. తప్పు నాదండి."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఏం తిట్లు తిట్టారో రాయను. వాడు తల వంచుకుని నిలబడే ఉన్నాడు. లక్ష్మణమ్మ గొడుగు గంగులు చేతికిచ్చి వాడి ముందుకొచ్చి, "మా ఆయన సెయ్యికి నీ సెయ్యిస్తావేటిరా?" అని అడిగింది. వాడు చెయ్యి చాచాడు. నిజంగానే చాచాడు. ఆవిడ దాన్ని కొట్టి ఏడ్చింది.

గంగులు నా వైపు చూసి, "మీరు ముందే సెప్పేరటండి. సల్లగా ఉండండి" అన్నాడు.

మే 30

రెండు రోజులు యార్డులో కూర్చుని ఫిన్నీ అరవై ఒక్కరి నంబర్లు ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకున్నాడట. బండి కింద పడుకున్నవాళ్లని లేపి మరీ. ఇప్పుడు కొత్త సరుకు సరిగ్గానే నడుస్తోంది. ఉష మైకు కూడా మళ్లీ బయటికి తీశారు. నా కంప్యూటరు తియ్యలేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

జూన్ 4, ఆదివారం

నెల మొదటి వారం, ప్రభువు బల్ల, గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. నేను తీసుకోలేదు. కడుపులో బాగాలేదని సుందరితో చెప్పాను. ఆమె సరేనంది.

ఫిన్నీ గుడి బయట నా చెప్పులు తీసి ముందు పెట్టాడు. కంపెనీ వాణ్ణి తీసేసింది.

జూన్ 17

కాయ అయిపోయింది. యార్డు ఖాళీగా ఉందట.

జులై 2

ఫిన్నీ పాతపట్నంలో ఒక సెల్‌ఫోన్ల షాపులో కుదిరాడు. పెళ్లాం పిల్లల్ని తీసుకుని నిన్న వెళ్లిపోయాడు. చెప్పడానికి వచ్చినప్పుడు నేను పడుకుని ఉన్నాను. మెలకువగానే ఉన్నాను. వాడు మంచం పక్కన కొంచెంసేపు నిలబడి వెళ్లాడు. గంగులు కట్టు విప్పారు. చెయ్యి పూర్తిగా వంగటం లేదు, బండికి డ్రైవర్ని పెట్టుకున్నాడు.

సుందరి నన్ను అడగటం మానేసింది. ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ఆ రోజు మీటింగులో నేను లేవబోయాను. ఇది నిజం. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించాను. మొదటి మాట నోట్లోనే ఉంది, 'అయ్యా, నాకు తెలుసు' అని. ఇంకొక్క క్షణం వాడు ఊరుకుని ఉంటే చెప్పేసేవాణ్ణి. అంతా విని నన్ను తిట్టేవాళ్లు, తిట్టించుకుని ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. వాడు ముందు లేచాడు. వాడు ఆ మాట అన్నాక నేను లేచి కాదంటే, మేనల్లుణ్ణి అంతమందిలో అబద్ధాలకోరుని చేసినట్టు కాదా? అందుకే కూర్చున్నాను. అందుకే. ఇప్పుడు దారిలో కనపడినవాడల్లా దండం పెడుతున్నాడు, ముందే హెచ్చరించిన పెద్దమనిషని. ఆ దండాలు తీసుకోలేను, తిప్పికొట్టలేను.

కంపెనీ మీద నాకు కోపం లేదు. అమ్ముకునేవాడు అమ్ముకుంటాడు. హరిబాబు మీదా లేదు. చెప్పడానికి నాకు మిగిలిన ఒక్క క్షణాన్ని నా దగ్గరనుంచి లాక్కున్నవాడి మీదే. ఎన్నాళ్లయినా తప్పు వాడిదే అంటాను.

ఫిన్నీ.